నువ్వు ఇంటికి వెళ్తావు, నేను ఇక్కడే ఉంటాను

తన పేరు, ఊరు, జైలు పేరు ఏవీ వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. తమ్ముడికి 26 ఏళ్లు. సరుకు రవాణా గోదాములో లెక్కలు చూసేవాడు. సరుకు మాయమైందని యజమాని పెట్టిన దొంగతనం కేసులో తొమ్మిది నెలల క్రితం అరెస్టయి, అప్పటి నుంచీ రిమాండ్ ఖైదీగా ఉన్నాడు. పదకొండో ఏట నుంచి అతనికి మూర్ఛ జబ్బు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మాత్ర పడాల్సిందే. అరెస్టుకు ముందు నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు.

వాళ్ల అమ్మ ఒక పేపరు కత్తిరింపును దేవుడి పటం వెనక దాచుకున్నారు. అదే జైల్లో కొత్త గ్రంథాలయం, మంచినీటి ప్లాంటు ప్రారంభించిన నాటి వార్త అది. యోగా చేస్తున్న ఖైదీల ఫొటో, ‘ఇరవై నాలుగు గంటలూ వైద్య సదుపాయం’ అన్న ఒక అధికారి మాట అందులో ఉన్నాయి. ములాఖత్‌కు వెళ్లినప్పుడల్లా కొడుకు కూడా అద్దం అవతలి నుంచి ‘అంతా బాగుందమ్మా’ అనే అంటాడు.

రెండు నెలల క్రితం అదే బ్యారక్ నుంచి విడుదలైన ఒకతను ఇంటికి వచ్చి చెప్పిన కథ వేరు. వరుసగా నాలుగైదు రోజులు మాత్రలు అందని సందర్భాలు ఉన్నాయట. మూడు వారాల్లో రెండుసార్లు రాత్రిపూట మూర్ఛ వచ్చిందట. తోటివాళ్లే పక్కకు తిప్పి పడుకోబెట్టారు, తెల్లవారి తాళం తీసేదాకా ఎవరూ వచ్చి చూడలేదు. పడుకునేది మరుగుదొడ్డి గడప పక్కన. తరువాతి ములాఖత్‌లో తమ్ముడి నాలుక మీద కొరుక్కున్న గాయం ఆమె కళ్లారా చూశారు. వారం తిరక్కుండా ఎవరో ఫోను చేసి, నెలకు 3,000 పంపితే లోపల ‘మంచి చోటు’ చూస్తామన్నారు. ఒక నెల పంపారు.

ఫిర్యాదు చేస్తానంటే భర్త వద్దన్నారు, ఉన్న పరువు చాలన్నారు. తమ్ముడు వద్దన్న తీరు వేరు: “అక్కా, నువ్వు ఏమీ రాయకు. రాసి నువ్వు ఇంటికి వెళ్తావు, నేను ఇక్కడే ఉంటాను.” బెయిలు వచ్చి నాలుగు నెలలైందని, తలా 25,000 చొప్పున ఇద్దరు పూచీదారులు దొరకలేదని చివరి పేజీలో ఒక్క వాక్యం ఉంది. ఆమె అడిగింది మాత్రం ఇది: “పేపర్లో వచ్చింది అబద్ధమా, ఆ వచ్చినతను చెప్పింది అబద్ధమా? ఫిర్యాదు చేస్తే తమ్ముడిని ఏం చేస్తారో, చేయకపోతే ఏమవుతుందో తెలియక నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?”

అమ్మా,

మీ తమ్ముడి మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో తప్పేమీ లేదు. న్యాయ సహాయం తరఫున చాలా ఏళ్లు జైళ్లకు తిరిగినవాణ్ణి. పత్రికా ప్రకటనల్లోనూ తనిఖీ నివేదికల్లోనూ కనిపించని విషయాన్ని అతను ఒక్క వాక్యంలో చెప్పేశాడు. మనం రాసే ప్రతి కాగితమూ చివరికి అతను పడుకునే చోటికే చేరుతుంది. కాబట్టి నేను చెప్పే దారులన్నింటినీ ఆ వాక్యంతోనే తూచి చూడండి. నేను కూడా సాయంత్రానికి ఇంటికి వెళ్లేవాణ్ణే.

ఇక ఎవరిది అబద్ధం అన్న ప్రశ్న. బహుశా ఎవరిదీ కాదు. ‘ఉంది’ అనడానికీ ‘అందుతోంది’ అనడానికీ మధ్య ఒక పెద్ద గోడ ఉంటుంది. ప్రకటనలు గోడకు ఇవతల నిలబడి ‘ఉంది’ అంటాయి. డాక్టరు పోస్టు ఉంది, ఆసుపత్రి గది ఉంది, మందుల బీరువా ఉంది. మీ తమ్ముడు అవతలి నుంచి మాట్లాడుతున్నాడు. ఆ డాక్టరుకు వేరే ఆసుపత్రిలో కూడా డ్యూటీ ఉండవచ్చు. మూర్ఛకు ప్రత్యేక వైద్యుడు కావాలంటే జిల్లా ఆసుపత్రికి పంపాలి. పంపాలంటే పోలీసు ఎస్కార్ట్ రావాలి. ఎస్కార్ట్ జైలు చేతిలో ఉండదు, పోలీసు శాఖ ఇవ్వాలి. ఆ రోజు ఊళ్లో ఏ సభకో బందోబస్తు పడితే ఆసుపత్రి ప్రయాణం వాయిదా పడుతుంది. రిజిస్టరులో మాత్రం ‘పెద్దాసుపత్రికి రిఫర్ చేయడమైనది’ అన్న వాక్యం చక్కగా ఉంటుంది. ఈ గొలుసులో ఎవరూ అబద్ధం రాయలేదు. మాత్ర మాత్రం అందలేదు.

రాత్రిళ్లు ఇంకో కథ. చీకటి పడకముందే లెక్కపెట్టి తాళం వేస్తారు. తెల్లవారితే గానీ తీయరు. నడిరాత్రి తలుపు తీయాలంటే గస్తీ తిరిగే వార్డరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, పై అధికారి రావాలి. లోపలివాళ్లు కేకలు వేస్తే వార్డరు వస్తాడు, చూస్తాడు, కబురు పంపుతాడు. మూర్ఛ రెండు మూడు నిమిషాల్లో దానంతట అది తగ్గిపోతే ఆ కబురు కూడా అక్కడే ఆగిపోతుంది. ‘ఇరవై నాలుగు గంటలూ’ అన్న మాటకు రాత్రి రెండు గంటలకు అర్థం ఇది.

కొలతలు కూడా ఇంతే. కేంద్ర హోం శాఖ 2016లో తెచ్చిన మాదిరి జైలు నియమావళి ప్రకారం బ్యారక్‌లో ఒక్కొక్కరికి 3.71 చదరపు మీటర్ల చోటు ఉండాలి, అంటే దాదాపు 40 చదరపు అడుగులు. పడుకునే చోట పదిమందికి ఒక మరుగుదొడ్డి, 300 మందికి కనీసం ఒక డాక్టరు ఉండాలి. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కానీ జైళ్లు రాష్ట్రాల పరిధిలోని అంశం, మాదిరి నియమావళి మాదిరి మాత్రమే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని 1,330 జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మంది ఉన్నారు. నూటికి 131 మంది అన్నమాట. ఇదీ సగటే. సగటులో సగం ఖాళీగా ఉన్న సబ్ జైళ్లూ, బహిరంగ జైళ్లూ కలిసిపోతాయి. ‘మా రాష్ట్రంలో సామర్థ్యానికి మించి ఖైదీలు లేరు’ అన్న ప్రకటన అక్షరాలా నిజమైనప్పుడు కూడా, ఏదో ఒక జిల్లా జైల్లో ఏదో ఒక బ్యారక్‌లో కొత్తగా వచ్చినవాడు మరుగుదొడ్డి గడప పక్కనే పడుకుంటాడు.

సంగారెడ్డిలో నిజాం కాలపు పాత జైలును మ్యూజియంగా మార్చి, 2016లో 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీలా గడిపే ఏర్పాటు చేశారు. అదే యూనిఫాం, అదే కంచం. సరదాపడి వెళ్లినవాళ్లను నేను తప్పుపట్టను. ఒక్కటి మాత్రం అక్కడ ఎంత డబ్బు కట్టినా దొరకదు. రేపు ఉదయం బయటికి వెళ్తామో లేదో తెలియకపోవడం.

తనిఖీల సంగతీ చెప్పాలి. జిల్లా జడ్జి, కలెక్టరు, అధికారులు కాని సందర్శకులు జైళ్లను చూసి వెళ్లే పద్ధతి ఉంది, మంచి పద్ధతే. కానీ చాలాసార్లు ఫలానా రోజు వస్తున్నారని ముందే తెలుస్తుంది. ఆ రోజు గోడలకు సున్నం వాసన వస్తుంది, పప్పు చిక్కబడుతుంది. ‘ఏమైనా ఇబ్బందులున్నాయా?’ అని వరుసలో నిలబెట్టి అడుగుతారు. పక్కనే జైలరు ఉంటాడు. నా ఎదురుగానే ఒక పెద్దాయన ‘ఏమీ లేవండి’ అని, పెద్దలు అటు తిరగగానే నా చేతిలో నలిగిన చీటీ పెట్టాడు. ‘పంటి నొప్పి, ఇరవై రోజులు’ అని రాసి ఉంది. మీ తమ్ముడు అద్దం అవతలి నుంచి చెప్పే ‘అంతా బాగుంది’ కూడా ఆ జాతి మాటే. మీ అమ్మగారి కోసం చెబుతున్నాడు, పక్కన నిలబడ్డవాళ్ల కోసమూ చెబుతున్నాడు.

ఇంత చెప్పాక మీరు ఎదురుచూడని మాట ఒకటి అంటాను. ఆ పేపరు కత్తిరింపును మీకు శత్రువుగా చూడకండి, మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే. ‘మీ జైలు నరకం’ అని రాస్తే ‘నిరాధార ఆరోపణ’ అని ఒక్క వాక్యంలో జవాబిస్తారు. ‘ఇరవై నాలుగు గంటలూ వైద్యం ఉందని మీరు చెప్పారు. ఫలానా నెల ఫలానా తేదీన నా తమ్ముడికి మూర్ఛ వచ్చింది. ఆ రాత్రి గానీ మర్నాడు గానీ డాక్టరు ఏ సమయంలో చూశారు? ఏ మందు ఇచ్చారు?’ అని రాస్తే జవాబు ఇవ్వడానికి ఎవరో రిజిస్టరు తెరవాలి. తెరిచినప్పుడు అందులో ఏదైనా ఉండాలి. లేకపోతే రేపటి నుంచైనా ఉండాలని వాళ్లకే అనిపిస్తుంది. ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరినీ దొంగ అనలేదు. ఇంకో సంగతి. డాక్టరు లేక, ఎస్కార్ట్ రాక నిజంగా తల పట్టుకునే సూపరింటెండెంట్లు కూడా ఉంటారు. ‘నాకు డాక్టరు లేడు’ అని వాళ్లు బయటికి అనలేరు. మీ కాగితం ఒకటి ఉంటే దాన్ని జతచేసి పైకి రాయగలరు.

అందుకని మొత్తం జైలును బాగుచేసే పనినీ, మీ తమ్ముడి మాత్రనూ ముందు విడదీయండి. మొదటిది అవసరమైన పనే, కానీ ఈ నెల పని కాదు. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆగిపోతే మూర్ఛలు తిరిగి మొదలవడంతో పోదు. ఒక్కోసారి ఆగకుండా వరుసగా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ఫలితం ఉంటుందని అంటున్నది అందుకే. మిగతా ఇబ్బందుల విషయంలో మీ తమ్ముడి ‘రాయకు’ అన్న మాటకు కట్టుబడండి. మందు విషయంలో మాత్రం అతన్ని మళ్లీ అడగాలి. అడిగే చోటు ములాఖత్ కాదు. ఇరవై నిమిషాలు, అద్దం, ఫోను, పక్కన వార్డరు ఉన్న చోట మనిషి మనసు విప్పడు. న్యాయవాది కలిసినప్పుడు కాపలావాళ్లు చూడవచ్చు గానీ మాటలు వినకూడదన్నది నియమం. అతని సమ్మతి అక్కడ తీసుకోవాలి.

మీ న్యాయవాది ఫోను ఎత్తడం మానేశారని రాశారు. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. దాని కార్యదర్శి న్యాయాధికారి. నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. స్త్రీగా మీకూ ఆ హక్కు ఉంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. ‘ఉచితం కదా, ఎలా ఉంటారో’ అన్న సందేహం మీకు రావచ్చు. నిజమే, అందరూ ఒకేలా ఉండరు. కానీ డబ్బు తీసుకుని ఫోను ఎత్తనివారి కంటే నయమే.

మందు కోసం మూడు దారులు కనిపిస్తున్నాయి. తేలికైనది, పాత మందుల చీటీ, డాక్టరు ఉత్తరం జతచేసి సూపరింటెండెంటుకు వినతిపత్రం ఇవ్వడం. ఒక ప్రతి గేటు దగ్గర ఇచ్చి ముట్టినట్టు ముద్ర వేయించుకోండి, ఇంకొకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఏ వేళకు, ఆపితే ఏమవుతుంది అని నాలుగు వాక్యాలు చాలు. మూర్ఛ ఉన్నవాణ్ణి నీళ్ల తొట్టి దగ్గరా పొయ్యి దగ్గరా పనికి పెట్టవద్దని, రాత్రి పక్కన తెలిసినవాళ్లు ఉండేచోట పడుకోనివ్వమని కూడా వైద్య కారణంగానే అడగవచ్చు. పడుకునే చోటు మార్చడానికి నెలకు 3,000 అక్కర్లేని దారి ఇది. దీనివల్ల కక్ష పెరిగే అవకాశం తక్కువ. బలహీనత ఏమిటంటే, పట్టించుకోకపోతే మీ చేతిలో ముద్ర తప్ప ఏమీ మిగలదు.

రెండోది, కేసు నడుస్తున్న మేజిస్ట్రేటు ముందు న్యాయవాది చేత పిటిషన్ వేయించడం. మీ తమ్ముడు ఉన్నది జైల్లోనే అయినా, అతన్ని అక్కడ ఉంచింది కోర్టు ఆదేశం. కోర్టు వైద్య నివేదిక తెప్పించమంటే జైలు ఇవ్వక తప్పదు. కక్ష అన్నప్పుడు మీకు ఎక్కువ భయం వేరే ఊరి జైలుకు మార్చేస్తారని కదా? రిమాండ్ ఖైదీని అలా మార్చాలంటే కోర్టు అనుమతి కావాలని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. జైలు లోపల శిక్ష వేసినా దాన్ని రిజిస్టరులో రాయాలి. రాయని శిక్షలూ ఉంటాయి. ములాఖత్‌కు పేరు పిలవడం ఆలస్యం చేయడం, సోదా పేరుతో దుప్పటి తిరగేయడం, క్యాంటీన్‌లో ‘అయిపోయింది’ అనడం. వీటిని ఏ చట్టమూ పట్టుకోలేదు. వీటికి నేను చూసిన మందు ఒక్కటే, క్రమం తప్పని ములాఖత్. అడిగేవాళ్లు ఉన్న ఖైదీ జోలికి అంత తేలిగ్గా రారు. వాయిదాకు వీడియోలో హాజరుపరుస్తుంటే, పిటిషన్ విచారణ రోజున మాత్రం స్వయంగా తీసుకురమ్మని అడగమని న్యాయవాదికి చెప్పండి. జైలు గదిలో, జైలు కెమెరా ముందు కూర్చుని జైలు గురించి చెప్పమంటే ఎవరు చెబుతారు?

మూడోది మానవ హక్కుల కమిషన్. ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి, ఖర్చు లేదు. కానీ కమిషన్ సాధారణంగా మొదట చేసేది సంబంధిత శాఖ నుంచి నివేదిక కోరడం. ఆ నివేదిక మళ్లీ ఆ జైలు బల్ల మీదే తయారవుతుంది. నెలలు పడుతుంది. మొదటి రెండూ పనిచేయకపోతే తప్పక వెళ్లండి, వాటికంటే ముందు కాదు. సమాచార హక్కు దరఖాస్తు 10 రూపాయల పని. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది. డాక్టరు హాజరైన తేదీలు అడగవచ్చు. అయితే దాని మీద మీ పేరు ఉంటుంది, సంగతి అదే రోజు లోపలికి తెలుస్తుంది. పత్రికలవాళ్ల దగ్గరికి ఇప్పుడే వద్దు. వార్త ఒక రోజు వస్తుంది, మీ తమ్ముడు మర్నాడు కూడా అక్కడే ఉంటాడు.

ఉత్తరాలకు విలువ ఉంటుందా అని మీకు అనిపిస్తే ఒక పాత సంగతి. తీహార్ జైల్లో మరణశిక్ష పడి ఉన్న సునీల్ బత్రా, తోటి ఖైదీని ఒక వార్డరు హింసించాడని సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. దాన్నే పిటిషన్‌గా తీసుకుని 1979 డిసెంబరులో తీర్పు ఇచ్చారు. జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలని, వాటిని జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జి ఆదేశాల కింద తెరవాలని అందులోనే ఉంది. అంతకు ముందే 1974లో విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీలు గోడ మీది కరెంటు తీగ గురించి వేసిన పిటిషన్‌లో, జైల్లో పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని అదే కోర్టు చెప్పింది. ఇన్నేళ్లు గడిచాయి. పెట్టె చాలాచోట్ల ఉంది. అది ఎవరికీ కనబడకుండా కాగితం వేయగల చోట ఉందా అన్నది మళ్లీ ‘ఉంది’, ‘అందుతోంది’ గొడవే.

ఆ ఫోను సంగతి. ఇక పంపకండి. చేసినవాడు జైలు మనిషో, బయట ఉండి ఖైదీల కుటుంబాలను దోచే మోసగాడో మీకు తెలియదు. ఎవరైనా సరే, నెలనెలా రేటు పెరుగుతుంది. పైగా అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవారు కూడా నేరస్తులే. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లో అధికారులకు తెలియజేస్తేనే మినహాయింపు. మీకు ఆ గడువు దాటింది కాబట్టి దీని మీద ఎక్కడా రాసే ముందు న్యాయవాదితో మాట్లాడండి. నంబరు, తేదీ, డబ్బు పంపిన రుజువు జాగ్రత్తగా పెట్టుకోండి. ఆపేస్తే ఏమవుతుంది? ‘మంచి చోటు’ నిజంగానే ఇచ్చి ఉంటే, అది పోయి మళ్లీ గడప దగ్గరికి రావచ్చు. దాచిపెట్టి లాభం లేదు. అందుకే వైద్య కారణంతో చోటు మార్చమన్న వినతి ముందు వెళ్లాలి, డబ్బు ఆ తర్వాత ఆగాలి. మధ్యలో ఇంకో నెల అడిగితే ‘బడిలో జీతం ఇంకా రాలేదు’ అనండి. ప్రైవేటు బడి కదా, నమ్ముతారు.

ఇక ఉత్తరం చివరి పేజీలో మీరు మూలకు తోసేసిన వాక్యం. నాలుగు నెలల క్రితమే బెయిలు వచ్చింది! తొమ్మిది పేజీల్లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన వాక్యం అదే. మీ మీద కాదు.

చూడండి, కోర్టు ‘వెళ్లు’ అన్న మనిషి జైల్లో ఉన్నాడు. దీన్ని మించిన దూరం ఏ ప్రకటనకూ వాస్తవానికీ మధ్య లేదు. 2022 చివరి లెక్కల్లో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. వాళ్లలో కొందరు మీ తమ్ముడిలాగే బెయిలు కాగితం ఉండీ పూచీ లేనివాళ్లు. దీని మీద సుప్రీంకోర్టు 2023 జనవరి 31న స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే, ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాల్సింది జైలు సూపరింటెండెంటే. కార్యదర్శి ఎవరినైనా పంపి కారణం కనుక్కోవచ్చు. పేదరికమే కారణమైతే ఆ వివరాలతో నివేదిక తయారు చేయించి, షరతులు సడలించమని కోర్టును కోరవచ్చు. నెల దాటినా పూచీ ఇవ్వలేకపోతే కోర్టే తనంతట తాను షరతులను మళ్లీ పరిశీలించవచ్చు. పూచీదారు స్థానికుడే కావాలన్న షరతు పెట్టవద్దన్న సూచన కూడా అందులో ఉంది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. బెయిలు వచ్చీ డబ్బు కట్టలేని విచారణ ఖైదీలకు డబ్బు సాయం చేసే వీలు అందులో ఉంది. కొన్ని తీవ్రమైన నేరాలకు అది వర్తించదు, మీ తమ్ముడిది ఆ కోవలోది కాదు.

నిజానికి ఇది కొత్త ఆలోచన కూడా కాదు. మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి కింది కోర్టు 10,000 పూచీ అడిగి, అన్న పూచీ ఇస్తానంటే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నది. 1978లో సుప్రీంకోర్టు ఆ మేస్త్రీని 1,000 రూపాయల సొంత బాండు మీద, అంటే పూచీదారు లేకుండా తానే రాసిచ్చే హామీ మీద, వదిలేయమంది. మీ ఇంట్లో ఈ నాలుగు నెలలూ పొలం కాగితాలున్న బంధువు కోసం తిరిగి ఉంటారు, మాటలు పడి ఉంటారు. న్యాయవాది ‘దొరికితే తీసుకురండి’ అని వదిలేసి ఉంటారు. షరతు మార్చమని ఒక పిటిషన్ వేయవచ్చని ఎవరూ చెప్పినట్టు లేదు.

దీనికీ ఫలితాలు ఉన్నాయి. షరతులు సడలిస్తే విడుదల వారాల్లో రావచ్చు, రాకపోవచ్చు. సొంత బాండు మీద వదిలితే వారానికోసారి స్టేషన్లో సంతకం పెట్టమనవచ్చు, ఒక్క వాయిదా తప్పినా వారెంటు వస్తుంది. మీ తమ్ముడికి ఆ క్రమశిక్షణ ఉందో లేదో మీకే తెలుసు. కానీ బయటికి వచ్చిన రోజున మాత్ర, పడుకునే చోటు, ఫోను బేరం అన్నీ ఒకేసారి తీరిపోతాయి. జైలు మీద రాయాలనుకున్నది కూడా అప్పుడు రాయవచ్చు, లోపల తమ్ముడు లేకుండా. అంత ధైర్యం మీకు మిగిలి ఉంటేనే అనుకోండి. చాలామంది విడుదలయ్యాక ఆ గేటు వైపు చూడను కూడా చూడరు. వాళ్లను నేను తప్పుపట్టను.

నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది. మొదట మందు వినతిపత్రం. అదే రోజు న్యాయ సేవాధికార సంస్థ గడప తొక్కి బెయిలు ఉత్తర్వు నకలు కార్యదర్శి బల్ల మీద పెట్టడం. వారంలో మాత్రల్లో తేడా కనబడకపోతే మేజిస్ట్రేటు ముందు పిటిషన్. మీరు ఇంకో వరుస ఎంచుకోవచ్చు. బెయిలు పనే ముందు పూర్తి చేసి, అప్పటిదాకా జైలుకు ఒక్క కాగితమూ ఇవ్వకుండా ఉండటం కూడా ఒక దారి, మీ తమ్ముడు గట్టిగా అదే కోరితే. అప్పుడు మీరు మోస్తున్నది ప్రాణాపాయమని తెలిసి మోయండి. మీ వారి పరువు సంగతి నాకు అంతగా పట్టలేదు. మీ వారు వద్దన్నది పోలీసులతో గొడవై పరువు పోతుందని కాబోలు. ఇందులో పోలీసు స్టేషనూ లేదు, గొడవా లేదు, కోర్టు ఆవరణలో ఒక ఆఫీసు ఉంది. ఒకసారి వెంట తీసుకెళ్లండి.

అమ్మగారికి చెప్పాలా అని నేరుగా అడగలేదు గానీ, ఉత్తరమంతా ఆ ప్రశ్న వినబడుతూనే ఉంది. ఆ పేపరు కత్తిరింపు తీయనక్కర్లేదు. గ్రంథాలయం నిజంగానే ఉండి ఉంటుంది, ఎవరో చదువుతూనే ఉంటారు. మూర్ఛ సంగతి మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే మీకు కావాల్సిన ఆధారాలు ఆమె దగ్గరే ఉన్నాయి. పదిహేనేళ్లుగా కొడుక్కి మాత్ర చేతిలో పెట్టిన మనిషి. ఏ డాక్టరు ఏ ఏడాది మోతాదు మార్చాడో, ఏ మాత్ర పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయో ఏ రిజిస్టరులోనూ అంత వివరంగా ఉండదు. పాత చీటీలు ఏ డబ్బాలో దాచారో అడగండి. వినతిపత్రంలో ఆ నాలుగు వాక్యాలూ ఆమెనే చెప్పమనండి, మీరు రాయండి.

ఈసారి ములాఖత్‌లో ఇద్దరూ ‘ఎలా ఉన్నావు’ అని అడగకండి. దానికి జవాబు మీకు ముందే తెలుసు. నిన్న రాత్రి మాత్ర ఎన్ని గంటలకు ఇచ్చారో, దాని రంగేమిటో అడగండి. రంగు సరిగ్గా చెబుతున్నాడో లేదో అమ్మగారికి తెలుస్తుంది.